తలకిందుల చామంతి ఆకు

మల్‌సున్‌ను ఆ పేరుతో పిలిచినవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకరు కన్నతల్లి, ఆవిడ ఎప్పుడో వెళ్ళిపోయింది. రెండోవాడు మొగుడు. అతను పోయాడో, ఉన్నాడో ఎవరికీ తెలియదు.

మల్‌సున్ అంటే ఆఖరిది అని అర్థం. వరసగా ఆడపిల్లలే పుడుతుంటే ఇక్కడితో ఆగాలని పెట్టే పేరు. మన వైపు చాలమ్మలు లేరూ? అయితే పేరు చూసి చెయ్యి ఆపే దేవుడు ఏ దేశంలోనూ లేడు. ఆమె తర్వాత ఇంకో ఆడపిల్ల పుట్టింది, దానికి ఏం పేరు పెట్టాలో తోచక ఏడాదిపాటు 'పిల్లా' అనే పిలిచారు. పెళ్ళయి సోల్‌మె ఊరికి వచ్చిన రోజు నుంచి మల్‌సున్ కాస్తా గమ్‌గోల్‌దేక్ అయింది. అంటే గమ్‌గోల్ నుంచి వచ్చిన కోడలు. కొరియా పల్లెల్లో కోడలికి పుట్టిన ఊరే పేరు. పుట్టింటిని మరిచిపొమ్మని సాగనంపుతారు, చచ్చేదాకా ఆ పుట్టినూరి పేరు పెట్టే పిలుస్తారు. మనుషుల న్యాయాలు ఎక్కడైనా అంతే.

మొగుడు సొక్‌గు మాత్రం వంటింటి గుమ్మం దగ్గర ఎవరూ లేనప్పుడు, "మల్‌సునా, నీళ్ళు" అనేవాడు. అతను కనపడకుండా పోయాక ఆమెకు బెంగపడటానికి మొహం సరిగా గుర్తు రావడం లేదు కానీ, ఆ 'నీళ్ళు' అన్న మాట చివర కాస్త సాగే గొంతు మాత్రం చెవిలో ఉండిపోయింది.

వానలు వెనకపట్టి, ఎండ పలచబడి, పొద్దున లేస్తే అరికాలికి నేల చల్లగా తగిలే రోజులు వచ్చాయంటే సోల్‌మెలో పెరళ్ళకు రంగు తిరుగుతుంది. పులియబెట్టిన సోయా జాడీల తిన్నె చుట్టూ కోడిజుట్టు పూలు ముఖమల్ గుడ్డ మడతల్లా ముదురుతాయి. రంగుల తోటకూరకు కొసన ఆకులు ఎర్రగా, పచ్చగా మండుతాయి. మనవాళ్ళయితే చూసీ చూడగానే పప్పులో వేద్దామంటారు, అక్కడ దాన్ని చూసుకోవడానికే పెంచుతారు. చిలకముక్కు పూల కాలం అయిపోతుంది, ఆడపిల్లల గోళ్ళ మీద గోరింటాకులా మిగిలిన ఎరుపొక్కటే వాటి గుర్తు. చంద్రకాంతలు పొద్దువాలుతూనే విచ్చుకుంటాయి, అవి విచ్చుకున్నాయంటే ఆడవాళ్ళు రాత్రికి బియ్యం కడగాలన్నమాట. గోడవార చామంతులకు ఇంకా మొగ్గలే, ఆకు మాత్రం దళసరిగా, ముట్టుకుంటే చేతికి ఘాటు అంటుకునేలా ఉంటుంది.

ఆ రంగు చూశాకే ఊళ్ళో తలుపులు విప్పుతారు. అక్కడి తలుపులు సన్నటి కర్రల అల్లిక, లోపలి వైపు కాగితం. ఏడాదంతా పొగచూరి, చిరిగి, పిల్లల వేళ్ళకు చిల్లులు పడ్డ ఆ కాగితాన్ని వాగులో తడిపి గీకేసి, పంట పున్నమి పండగలోగా కొత్తది అంటిస్తారు. గోధుమపిండి గంజి పట్టించి, గడ్డి కుంచెతో సాపుచేసి, నోటినిండా నీళ్ళు పట్టి తుంపరగా ఊది నీడన ఆరబెడితే పొద్దువాలేసరికి డప్పు తోలులా బిగుస్తుంది. తలుపు తీసేటప్పుడు రోజూ చెయ్యి పడే చోటు, కడియం పక్కన, త్వరగా చిరుగుతుంది కదా, అక్కడ కాగితం రెండు పొరలు వేస్తారు. ఆ రెండు పొరల మధ్య పెరట్లోని పూలరేకలు, ఆకులు పేర్చి అంటిస్తారు. చలికాలమంతా బయట మంచు కురుస్తున్నా ఎండపడ్డప్పుడల్లా ఆ తలుపులో శరత్తు వెలుగుతుంది. ఊళ్ళో ఏ ఇంటి తలుపు ఎవరు వేశారో ఆ పూలను చూసి చెప్పేయవచ్చు, చేతిరాతలాంటిది అది.

సొక్‌గు వేసిన తలుపు ఒక్కటే. పెళ్ళయిన రెండో శరత్తులో, తనూ మల్‌సునూ పడుకునే గదికి. కోడిజుట్టు రేకలు నాలుగు, చామంతి ఆకు ఒకటి. ఆకును తలకిందులుగా పెట్టాడు, తొడిమ పైకి, కొస కిందికి.

"ఏరా గాడిదా, ఆకు ఆకాశం వైపు చూస్తుందా, పాతాళం వైపా?" అని నవ్వింది తల్లి మోక్‌సిల్‌దేక్.

"తలుపు వైపు తలపెట్టి పడుకుని చూడమ్మా, తిన్నగానే ఉంటుంది" అన్నాడు వాడు.

మరుసటి వేసవిలో యుద్ధం వచ్చింది. ఒక సాయంత్రం ఎవరో తుపాకులవాళ్ళు మూటలు మోయడానికని ఊళ్ళో మగవాళ్ళను తోలుకుపోయారు. కొందరు తిరిగొచ్చారు, కొందరి శవాలు వచ్చాయి. సొక్‌గు గురించి మాత్రం ఒకడు, కొండమలుపులో తుపాకీ మోత విన్నానన్నాడు. ఇంకొకడు, ఉత్తరం దిక్కు నడిచిపోతున్న గుంపులో చూశానన్నాడు. ఈ రెండో మాటే ఇంటికి చీడలా పట్టింది. చచ్చినవాడి ఇంటికి జాలి వస్తుంది, శత్రువుల వైపు, ఉత్తరానికి పోయినవాడి ఇంటికి పోలీసు వస్తాడు. ఏటా ఒకడు వచ్చి వసారా మీద కూచుని, బార్లీ కాచిన నీళ్ళు తాగి, "అబ్బాయి దగ్గర్నుంచి కబురేమైనా?" అని నవ్వుతూ అడిగేవాడు. ఆ నవ్వుకు ఇంట్లో కుక్క కూడా లేచి పక్కకి పోయేది.

యుద్ధం ఆగి చాలా ఏళ్ళయింది. చనుబాలు తాగుతూ తండ్రిని చూసిన కూతురు ఒక్రే ఇప్పుడు బడిలో పెద్ద తరగతికి వచ్చింది. ఆ ఏడు పండగకు ముందు, సమాధుల మీద గడ్డి కోయడానికి పట్నం నుంచి మరిది సొక్‌హ్యోన్ వచ్చాడు. కొడవలి కడిగి వసారా స్తంభానికి ఆనించి, తల్లి ముందు మోకాళ్ళ మీద కూచున్నాడు.

"అమ్మా, ఈసారి తొమ్మిదో నెల తొమ్మిదినాడు అన్నయ్యకి అన్నం పెట్టేద్దాం."

పోయిన తిథి తెలియనివాళ్ళకు మనకు మహాలయ అమావాస్య ఉన్నట్టే, అక్కడ చామంతులు పూసే ఆ తొమ్మిదో నెల తొమ్మిదో రోజు. ఊళ్ళో సగం ఇళ్ళలో ఆ రోజు ఎవరో ఒకరికి గిన్నె పెడుతూనే ఉన్నారు. ఈ ఇంట్లో మాత్రం పెట్టలేదు.

"నీ నోట్లో మన్ను పడ!" అంది మోక్‌సిల్‌దేక్. "బతికున్న అన్నకి చచ్చినవాళ్ళ కూడు పెడతావుట్రా?"

"బడిలో ఉద్యోగం రెండుసార్లు చేతిదాకా వచ్చి పోయిందమ్మా. 'మీ అన్న ఎక్కడ?' అంటారు. తెలీదంటే, తెలీకపోవడమేమిటంటారు. పోయాడని మనమే ఏటా ఏడుస్తుంటే, ఊరంతా సాక్ష్యం ఉంటుంది. రేపు ఒక్రేకి సంబంధం చూడాలన్నా ఇదే అడ్డం. వదినగారూ, మీరైనా చెప్పండి."

మల్‌సున్ తలవంచుకుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. "పెద్దావిడ ఉండగా నేనేం చెప్తాను?" అంది.

మోక్‌సిల్‌దేక్ గది తలుపు వైపు గడ్డం ఎత్తి చూపించింది. "అదుగో. వాడు పెట్టిన ఆకు అది. ఏటా చుట్టూ కాగితం మారుస్తున్నాం, అది మాత్రం అలాగే ఉంది. దానికున్న నమ్మకం కడుపున పుట్టిన నీకు లేకపోయె! అది తలుపు మీద ఉన్నంతకాలం వాడు ఉన్నాడు. అది రాలిననాడు అడుగు, అప్పుడు చెప్తాను."

మల్‌సున్ చేతిలో చిక్కుడుకాయ రెండు ముక్కలైంది.

ఎందుకంటే ఆ ఆకు వాడు పెట్టింది కాదు.

యుద్ధం వచ్చిన ఏడు, సొక్‌గు పోయిన రెండు నెలలకు, మళ్ళీ తలుపులు విప్పే రోజులొచ్చాయి. ఆ తలుపు తడుపుతుంటే తాను చూడలేనని, ఆకున్న ఆ ముక్క చెదరకుండా కోసి మళ్ళీ అంటించమని కోడలికి చెప్పి, అత్త చేనుకి పోయింది. తడిసిన కాగితం కోతకు ఆగుతుందా? మల్‌సున్ వేలు తగలగానే మీగడలా విడిపోయింది. రేకల ఎరుపు అరచేతంతా పాకింది. ఆకు పొడిపొడిగా గంజిలో కలిసిపోయింది. ఆమె ఏడవలేదు, ఏడవడానికి వ్యవధి లేదు, అత్త తిరిగొచ్చేలోగా ఏదో ఒకటి చెయ్యాలి. పెరట్లోకి పరుగెత్తింది. నాలుగు రేకలు, ఒక ఆకు. పొయ్యి సెగ కిందుగా పారే గది వేడి నేల మీద, చాప కింద ఆకును పెట్టి గోధుమరంగు తేల్చింది. కాగితానికి బార్లీ నీళ్ళు పట్టించి పాతచేసింది. తొడిమ పైకి, కొస కిందికి. అత్త చీకటి పడ్డాక వచ్చి, వేళ్ళతో తడిమి, "బతికించావే అమ్మాయ్" అంది.

ఆ మాట తర్వాత నిజం చెప్పడానికి సందు దొరకలేదు. ఏటా అత్త చేనుకి పోయేది, ఏటా మల్‌సున్ మొగుణ్ణి మళ్ళీ తయారుచేసేది. అబద్ధమంటే అదే, ఒకసారి అంటిస్తే సరిపోదు, ఏటేటా కొత్త కాగితం అడుగుతుంది. చాప కింద, గది వెచ్చటి మూలన, మరుసటి ఏడాదికి ఒక ఆకు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. మొదట్లో భయంతో చేసింది. తర్వాత తర్వాత ఆ ఆకును అద్దుతున్నప్పుడు మాత్రమే తనకు ఒక మొగుడున్నాడని అనిపించేది. ఆ సంగతి తనకు తానే ఒప్పుకునేది కాదు.

ఇప్పుడు మరిది మాటతో లోకం అంతా వచ్చి ఆమె వేలికొసన కూచుంది. ఈ ఏడు ఆకు పెట్టకపోతే చాలు. 'తడిసి రాలిపోయింది అత్తయ్యా' అంటే చాలు. మరిదికి బడి, కూతురికి సంబంధం, వసారా మీద పోలీసు నవ్వుకు సెలవు. అయితే ఆకు పెట్టని చేతితోనే మొగుణ్ణి చంపినట్టు. పెడితే, లేని మనిషిని చూపించి ఉన్న మనుషుల గొంతు నొక్కినట్టు.

తలుపులు విప్పే రోజు వాగు ఒడ్డున పక్కింటి చిల్గోక్‌దేక్ కలిసింది. ఊళ్ళో ఎవరి ఇంట్లో గంజి పలచనైనా ముందు ఆవిడకే తెలుస్తుంది.

"ఏమే గమ్‌గోల్‌దేక్, మూడే తెచ్చావు, నాలుగోది ఏదీ? ఊరందరి తలుపులూ కొత్త బట్ట కడుతుంటే మీ తలుపు ఒక్కటీ ఆ పాత మాసికతోనే ఊరేగుతుందేం?"

"ఆ తలుపు ఇంట్లోనే తడుపుతాను అక్కా. అలవాటు."

"అలవాటా, మొక్కుబడా? నీ మొగుడి ఆకు మా ఆయన పళ్ళ కంటే గట్టిదే! మా ఆయనవి పోయినేడే మూడు రాలాయి." వాగు ఒడ్డంతా నవ్వింది. నవ్వు ఆగాక ఆవిడే గొంతు తగ్గించి, "మీ మరిది వచ్చివెళ్ళాడటగా. పెట్టెయ్యరాదుటే ఆ గిన్నె? మా పెద్దాడికి పెట్టినప్పుడు నేనూ ఇలాగే అనుకున్నాను. పెట్టాక కనీసం వాడు తిన్నాడో లేదో అన్న దిగులు పోయింది" అంది.

తడిసిన తలుపులు మోసుకుని మల్‌సున్ ఇంటికి వచ్చేసరికి అత్త చేనుకి పోలేదు. వసారా మీద, ఆ తలుపుకు ఎదురుగా, మోకాళ్ళు చుట్టుకుని కూచుని ఉంది.

"ఈసారి నా కళ్ళముందే చెయ్యి" అంది. "నా రెండోవాడు నీ చెవిలో ఏం ఊదాడో నాకు తెలీదు. చూస్తూ కూచుంటాను."

మల్‌సున్ నీళ్ళ కుండ దించింది. తలుపు విప్పి వసారా మీద వాలుగా నిలబెట్టింది. కుంచె ముంచింది, ఎత్తింది. కుంచె నుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా ఆమె పాదం మీద పడుతున్నాయి. ఏదో ఒక సాకు చెప్పి రేపటికి నెట్టవచ్చు. అత్తకు చూపు మందగించింది, కాస్త చెయ్యి అడ్డం పెడితే ఏమీ తెలియదు కూడా. ఆమె కుంచెను మళ్ళీ కుండలో పెట్టేసింది.

"అత్తయ్యా, తడిస్తే ఇది ఆగదు."

"ఇన్నేళ్ళూ ఆగలేదా?"

"మొదటి ఏడే ఆగలేదు."

ముసలావిడకు వెంటనే అందలేదు. మల్‌సున్ అప్పుడే మళ్ళీ కుంచె ఎత్తి ఉంటే ఆ పూట గడిచిపోయేదేమో. కానీ నోరు ఒకసారి తెరుచుకున్నాక అన్నీ వచ్చేశాయి. చేతికంటిన ఎరుపు, పెరట్లోకి పరుగు, బార్లీ నీళ్ళు, చాప కింద ఆకు. చెప్తున్నంతసేపూ ఆమె అత్త మొహం చూడలేదు, జాడీల పక్క కోడిజుట్టు పూలనే చూసింది.

"అయితే" అంది మోక్‌సిల్‌దేక్, "ఇన్నేళ్ళూ పొద్దున్నే లేచి నేను పలకరించింది నీ చేతిపనినన్నమాట."

"అవునత్తయ్యా."

"చలికి వణుకుతున్నావట్రా నాయనా అని అడిగేదాన్ని. నువ్వు లోపల వింటూ పడుకునేదానివి."

"వినేదాన్ని."

"నీ గుండె గుండేనా, రోలా?" ఆవిడ గొంతు లేచి అక్కడే విరిగింది. "వాడు పోయి నన్నొకసారి చంపాడు. నువ్వు ఏటా చంపావు కదే, నాకు తెలీకుండా!"

"మిమ్మల్ని బతికించాననుకున్నాను" అంది మల్‌సున్. "నేనూ బతికాను" అని తనకే వినపడనంత మెల్లగా అంది.

ముసలావిడ లేచి పెరట్లోకి పోయింది. మిగిలిన మూడు తలుపులకూ కాగితం వేయడం అయింది, ఒక్రే బడి నుంచి వచ్చి నానమ్మ ఏదని అడిగి, తల్లి మొహం చూసి పుస్తకాల మూట విప్పుకుంది. చంద్రకాంతలు విచ్చుకున్నాయి. బియ్యం కడగాల్సిన వేళ దాటుతుండగా మోక్‌సిల్‌దేక్ తిరిగి వచ్చింది. గుప్పిట్లో కోడిజుట్టు రేకలు, ఒక చామంతి ఆకు.

తానే కుంచె తీసుకుని పాత ముక్క మీద గట్టిగా ఒక్క దెబ్బ వేసింది. అది మీగడలా విడిపోయింది. "నిజమే, ఆగదు" అంది, ఇన్నాళ్ళూ ఎవరో చెబితే నమ్మని మాటను కళ్ళతో చూసినట్టు.

మల్‌సున్ కాగితం పట్టుకుంది, అత్త గంజి రాసింది. రేకలు పేర్చింది. ఆకును పట్టుకుని కాసేపు అటూ ఇటూ తిప్పింది. తర్వాత కొస పైకి, తొడిమ కిందికి పెట్టింది.

"అత్తయ్యా, తిన్నగా పెట్టారు."

"పడుకుని చూసేవాడు లేడుగా" అంది ముసలావిడ. "మరిదికి కబురు పంపు. అన్నం బిరుసుగా వండు. మెత్తనైతే వాడు ముట్టడు."

తొమ్మిదో నెల తొమ్మిదినాడు ఎండ బాగా కాసింది. గోడవార చామంతులు పూసి ఉన్నాయి, రంగుల తోటకూర చివరికంటా ఎర్రబారి ఆకులు రాలుస్తోంది. సొక్‌హ్యోన్ సాష్టాంగపడ్డాడు, మల్‌సున్ మొక్కింది, ఒక్రే తండ్రి మొహం ఎరగని పిల్ల కాబట్టి అన్నం గిన్నెకే దండం పెట్టింది. తల్లి కొడుక్కి మొక్కకూడదు, అందుకని మోక్‌సిల్‌దేక్ గోడకానుకుని కూచుంది. పోయినవాడు లోపలికి రావడానికి తలుపు బార్లా తీసి పెట్టారు. బయటికి తెరుచుకునే తలుపు కదా, తెరిస్తే గోడకు అతుక్కుపోయి, వెనక వెలుతురు లేక ఆకు కనపడకుండా పోయింది. ఆవిడ రెండుసార్లు లేచి, తలుపును సగం దగ్గరికి లాగింది. రెండుసార్లూ కొడుకు మళ్ళీ తెరిచాడు.

"అమ్మా, దారి మూస్తున్నావు."

"దారి కాదురా. వాడు బయటనుంచి చూస్తే మన ఇల్లని తెలియొద్దూ?" అంది. కాస్సేపటికి, ఎవరితోనో కాదు, కోడలితోనే, "తిన్నగా పెట్టి తప్పు చేశానేమోనే. వేరేవాళ్ళ ఇల్లనుకుని పోతాడేమో" అంది.

ఇన్నేళ్ళు అబద్ధంతో ధైర్యం చెప్పగలిగిన మల్‌సున్‌కు నిజంతో ఎలా ధైర్యం చెప్పాలో తెలియలేదు. ఆమెకు తన దిగులు ఇంకొకటి ఉంది. మొక్కి లేస్తున్నప్పుడు, ఇక ఈ లోకంలో తనను మల్‌సునా అని పిలిచే హక్కున్న మనిషి లేడు అని తోచింది. నోట్లోనే ఒకసారి ఆ పేరు అనుకుంది. ఎవరి పేరో అన్నట్టు వినిపించింది.

పొగ చూసి ఊరు వచ్చింది, తిన్నది, తాగింది. చామంతి రేకలు అద్దిన అట్లు బాగున్నాయంది. చిల్గోక్‌దేక్ మల్‌సున్ వీపు మీద చెయ్యి వేసి, ఎంగిలి గిన్నెలన్నీ తానే కడిగిపెట్టి వెళ్ళింది. సొక్‌హ్యోన్ బస్సు ఎక్కుతూ, "ఈసారి ఉద్యోగం వస్తుంది వదినగారూ" అన్నాడు. వస్తుందో రాదో తేలకుండానే తొలి మంచు పడి కోడిజుట్టు పూలను నల్లగా మాడ్చేసింది. పోలీసు కూడా తన వేళకు తాను వచ్చాడు. విషయం విని, తల ఊపి, "మంచి పని చేశారు. అయినా చచ్చిపోయాడని చూసినవాళ్ళు ఎవరూ లేరుగా" అన్నాడు. బార్లీ నీళ్ళు ఇంకో గిన్నె అడిగాడు.

చలి ముదిరాక ఒక పొద్దున మల్‌సున్ గది ఊడుస్తూ వెచ్చటి మూలన చాప ఎత్తింది. ఈ ఏటి కోసమని పోయినేడు దాచిన ఆకు అక్కడే ఉంది, గోధుమరంగుకు తిరిగి, వాడకుండా మిగిలిపోయింది. దాన్ని పొయ్యిలో వేద్దామనే ఎత్తింది.

దాని పక్కన ఇంకో ఆకు ఉంది. ఇంకా పూర్తిగా ఎండలేదు, అంచులు మాత్రమే ముడుచుకుంటున్నాయి. అది మల్‌సున్ పెట్టింది కాదు.

వసారా మీద మోక్‌సిల్‌దేక్ దగ్గుతోంది. పొద్దున్నే తలుపు దగ్గరకు వచ్చి నిలబడి, అలవాటు చొప్పున చెయ్యి చాపి, తిన్నటి ఆకు మీద వేళ్ళు పడగానే వెనక్కి తీసుకున్న నీడ కాగితం మీద కనపడింది. పలకరింపు వినపడలేదు.

మల్‌సున్ రెండు ఆకులనూ ఉన్నచోటనే ఉంచి, చాప కప్పి, చేత్తో సాపుచేసింది.